ఆలస్యంగా ఆరే పసుపు లైటు

పోయిన వారం మీరు నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో గుర్తుందా? టెస్టింగ్ గదిలో, బల్ల ముందు, చేతిలో కరెంటు వైరుతో, నోరు తెరుచుకుని ఉండగా వదిలేశారు. మీరు వారమంతా హాయిగా తిని తిరిగారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ నోరు ఎందుకు తెరిచానో మళ్ళీ చెబుతాను, కొత్తగా చేరినవాళ్ళు కూడా ఉంటారు కదా. మా కంపెనీ ఆసుపత్రులకు చిన్న చిన్న యంత్రాలు చేసి ఇస్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్న పని, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె. దాని బుర్ర అరచేయంత సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డు మా ఆయన ఒకటి చేశాడు. ఈమధ్యే ఉద్యోగంలో చేరిన ఒకావిడ ఇంకొకటి చేసింది. యజమాని పెద్దాయన రెండూ తెచ్చి నా ముందు పెట్టి, "మీ ఆయనదని చూడకు, ఆవిడదనీ చూడకు. ఏది నిలబడుతుందో చెప్పమ్మా. ఎవరి బోర్డు నిలబడితే వాళ్ళే ఇకనుంచి డిజైన్ హెడ్" అని వెళ్ళిపోయాడు. పాసైన బోర్డుకు ఆకుపచ్చ స్టిక్కరు, తప్పినదానికి ఎర్ర స్టిక్కరు. ఆ రెండు చుట్టలూ నా సొరుగులో ఉంటాయి. సొరుగు తాళం నా గుర్తింపు కార్డుతోపాటు మెడలో వేలాడుతుంది.

ఆ కొత్తావిడకు వెన్నపూస అని పేరు పెట్టింది మా ఆడపడుచు. మా ఆడపడుచు కూడా ఇక్కడే, స్టోర్స్ చూస్తుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వెన్నపూస మాట అంత మెత్తన. ఎవరు కసిరినా "అలాగేనండీ" అంటుంది. ప్యూన్ని కూడా మీరు అంటుంది. అలాంటి మనిషి మీద కుళ్ళుకోవడం కష్టమే, కాని నేను పట్టుదల గల దాన్ని. ఆవిడ వచ్చిన మొదటి రోజు నుంచీ నాకు కడుపు మండుతూనే ఉంది. అంతవరకూ వారమంతా ఒకే చొక్కాతో గడిపేసే మా ఆయన ఇస్త్రీ పెట్టె ఎక్కడుందని అడిగాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయనకు మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉందని తెలియడం అదే మొదలు.

"ఆవిడ ముందే తెలుసా మీకు?" అని అడిగాను.

"నాకెలా తెలుస్తుంది? మొహం చూడటం కూడా ఇక్కడే" అన్నాడు, కాలరు సర్దుకుంటూ.

సరే, ఇప్పుడు లైట్ల సంగతి. బోర్డుకు ఒక అంచున సాకెట్లు వరసగా ఉంటాయి. కరెంటుది ఒకటి, పాప ఒంటికి అంటించే సెన్సర్‌ది ఒకటి, హీటర్‌ది ఒకటి, నర్సుల గదికి కబురు పంపేది ఇంకొకటి. వాటి పైన నాలుగు బుల్లి లైట్లు. ఎరుపు వెలిగితే కరెంటు ఉన్నట్టు, ఆకుపచ్చ వెలిగితే అంతా సవ్యంగా ఉన్నట్టు, నీలం వెలిగితే కబురు అందుతున్నట్టు. పసుపుది సెన్సర్ లైటు. సెన్సర్ ఊడితే అది టపటపా కొట్టుకోవాలి, హీటర్ ఆగిపోవాలి.

కరెంటు ఇవ్వగానే, ఏ లైటూ చచ్చిపోలేదని చూపడానికి నాలుగింటినీ ఒకసారి వెలిగించి ఆర్పాలి. అంతే రూలు. ఏ వరసలో అన్నది ఎవరూ అడగరు. రోజంతా తల వంచుకుని ప్రోగ్రాం రాసేవాళ్ళకు కాస్త సరదా చేసుకోవడానికి దొరికే చోటు అదొక్కటే. ఒకడు ఎడమ నుంచి కుడికి వెలిగిస్తాడు, ఒకడు పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఆడిస్తాడు. అడుగుల చప్పుడు విని వచ్చేది ఏ కోడలో అత్తగారు చెప్పినట్టు, లైట్లు చూసి అది ఎవరి బోర్డో నేను చెప్పేస్తాను.

మా ఆయన వరస వేరు. ముందు చివర్ల రెండూ వెలుగుతాయి, తర్వాత మధ్య రెండూ, మళ్ళీ చివర్లవి. తర్వాత నాలుగూ ఒక్కసారి వెలిగి మూడు ఆరిపోతాయి. పసుపు ఒక్కటీ ఇంకాసేపు వెలుగుతూ ఉండి, తర్వాత ఆరుతుంది. పెళ్ళికి ముందు, నేను ఈ గదిలో కొత్తగా చేరినప్పుడు, ఆయనే తెచ్చి చూపించాడు. అప్పట్లో అందరూ వెళ్ళిపోయాక కూడా నేను ఏదో ఒకటి పరీక్ష చేస్తూ ఉండేదాన్ని. ఆయన గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. "అన్నీ ఆరిపోయాక ఒక్కటి కాచుకుని ఉంది చూశావా? అది నేను" అన్నాడు. మీరు నవ్వుకోండి. నేను మాత్రం ఆ మాటకు పడిపోయాను. ఒక బంగారం ముక్క కూడా అడక్కుండా పెళ్ళి చేసుకున్నాను.

ఇవాళ పొద్దున వెన్నపూస బోర్డుకు కరెంటు ఇచ్చాను. ముందు చివర్ల రెండూ వెలిగాయి. తర్వాత మధ్య రెండూ. మళ్ళీ చివర్లవి. నాలుగూ వెలిగాయి, మూడు ఆరాయి. పసుపు ఒక్కటీ కాచుకుని ఉంది.

అదీ నేను నోరు తెరిచిన కథ.

ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. మా ఆయన బోర్డు పక్కన పెట్టి రెండింటికీ ఒకే స్విచ్చి వేశాను. రెండూ కూడబలుక్కున్నట్టు ఆడాయి. రెండు పసుపు లైట్లూ పక్కపక్కనే కాచుకుని, ఒకేసారి ఆరాయి. కవల పిల్లల్ని చూసినట్టు చూశాను నేను.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు వైర్ల డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. "ఏంటి వదినా, మొహం అలా ఉంది?" అంది.

ఆడించి చూపించాను. ఆమె చూసింది, డబ్బా కింద పెట్టింది, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇది మా అన్నయ్యది కదూ?"

"రెండూనా?"

"అమ్మో" అంది. తర్వాత ఆలోచించి, "అన్నయ్యే ఆవిడకి రాసిచ్చాడంటావా? తన బోర్డుకి పోటీగా తనే రాసిస్తాడా ఎక్కడైనా? మతి ఉన్నవాడు చేసే పనేనా?"

"మతి ఉన్నవాడు ఇస్త్రీ పెట్టె అడిగేవాడా?"

"నిప్పు లేనిదే పొగ రాదు వదినా. కానీ నువ్వు గొడవ పెట్టుకోకు. ఆ మెత్తటిదానికి ఎర్ర స్టిక్కర్ కొట్టి పారేయ్, అన్నయ్యకి ఆకుపచ్చది వెయ్. హెడ్ అవుతాడు. పీడా పోతుంది" అంది. వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఆగి, "నేను చెప్పానని చెప్పకు" అంది.

ఆ మాట నాకు నచ్చలేదని చెప్పను. నచ్చింది. సొరుగు తాళం తీసి రెండు చుట్టలూ బయట పెట్టాను. వెన్నపూస బోర్డు కాలో చెయ్యో విరిగి ఉంటే బాగుండునని దేవుణ్ణి కోరుకుంటూ పరీక్ష మొదలుపెట్టాను. నడుస్తున్న బోర్డు నుంచి ఒక్కొక్క వైరూ ఊడబెరకడం నా పద్ధతి. చెప్పకుండా, ఎడమ చేత్తో, పిల్లాడి చెవి మెలేసినట్టు లాగుతాను. సెన్సర్ లాగాను. పసుపు టపటపా కొట్టుకుంది, హీటర్ ఆగింది. ఇక్కడ హీటర్ బదులు ఒక పెద్ద బల్బు పెడతాం, అది ఆరిపోయింది. హీటర్ వైరు లాగాను, కబురు వైరు లాగాను. ఏది లాగితే దానికి తగ్గట్టే లైట్లు మారాయి. కుళ్ళుతో చేసిన పరీక్ష కదా, ఒకటికి రెండుసార్లు లాగాను. ఎక్కడా వంక దొరకలేదు. వెన్నలో వెంట్రుక వెతికినా దొరకనంత శుభ్రంగా చేసింది మహాతల్లి.

"లోపలికి రావచ్చాండీ?"

ఎవరో చెప్పక్కర్లేదు కదా. వెన్నపూస గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఒక పాత అట్టపెట్టె.

"రండి. మీ బోర్డు లైట్లు చూస్తున్నా. ఎంత ముచ్చటగా రాశారో" అన్నాను. నా గొంతులో అంత తీపి నాకే కొత్త. "ఈ వరస ఎవరు నేర్పారేంటి?"

"ఎవరూ నేర్పలేదండీ. నాదే."

"మీదే?"

"నేను చేసిన మొట్టమొదటి బోర్డు నుంచీ అదే వాడుతున్నా. అలవాటైపోయింది."

"మీరనుకోకండి గానీ, మా ఆయనకీ అచ్చం ఇదే అలవాటు" అన్నాను, ఆయన బోర్డుకు స్విచ్చి వేస్తూ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ భుజాలు కదల్లేదు. లైట్లు ఆడి, పసుపు కాచుకుని, ఆరేదాకా చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది.

"ఇంకా ఇదే వాడుతున్నాడా తను?"

తను! మా ఆయన్ని పట్టుకుని తను! ఇంట్లో నేను కూడా ఏవండీ అనే మనిషిని! ఆ ఒక్క మాటతో నా తీపి అంతా విరిగిపోయింది.

"మీకు ముందే తెలుసా ఆయన?"

ఆవిడ నవ్వు ఆగింది. "పాత కంపెనీలో ఒకే బల్ల మీద పనిచేశామండీ. మీకు చెప్పలేదా?"

"చెప్పారు చెప్పారు" అన్నాను. తేలు కుట్టిన దొంగకు నా బాధ తెలుస్తుంది. "పేరు గుర్తు లేదన్నారంతే."

ఆవిడ నా అబద్ధాన్ని మర్యాదగా వదిలేసింది. అట్టపెట్టె తెరిచి ఒక పాత బోర్డు తీసి బల్ల మీద పెట్టింది. అంచులు పసుపెక్కి, టంకం ముద్దలు ముద్దలుగా ఉంది. చేయి తిరగని రోజుల పని అని చూడగానే తెలుస్తోంది. కరెంటు ఇచ్చింది. నా పెళ్ళి పునాది ఆ ముసలి బోర్డు మీద, నా కళ్ళ ముందే, వరస తప్పకుండా ఆడింది.

"మరి ఆ పసుపుది?" అని అడిగాను. "అదెందుకు ఆలస్యంగా ఆరుతుంది?"

"ఓ, అదా! అప్పట్లో మాకిచ్చిన సెన్సర్ బద్ధకంది. కరెంటు ఇచ్చాక నిద్ర లేవడానికి కాసేపు పట్టేది. అది లేచేదాకా ఆగమని రాశాను. ఆ ఆగిన కాసేపూ పసుపు వెలిగి ఉండేది. అంతేనండీ. తర్వాత మంచి సెన్సర్లు వచ్చాయి గానీ, చూసి చూసి అలవాటై, ఆ ఆగడం తీసేయబుద్ధి కాలేదు."

అంతేనట. గేటు దగ్గర నా కోసం కాచుకున్నది మా ఆయన కాదు. నిద్ర లేవని సెన్సరు. ఎవరో ఇంకొకతె బల్ల మీద, నేను పుట్టి బుద్ధెరిగి ఆయన్ని చూడక ముందు. అరచేతిలో వైకుంఠం చూపించాడు, అదీ అరువు తెచ్చిన అరచేతిలో. ఏడుపు రావలసింది. రాలేదు. కుళ్ళు ఏడుపును కూడా రానివ్వదు.

"అయితే అందులో ఒక తప్పు కూడా ఉండేదండీ" అని చెప్పుకుపోతోంది వెన్నపూస, పాత బోర్డును గుడ్డతో తుడుస్తూ. "సెన్సర్ పెట్టకుండానే కరెంటు ఇస్తే, కాసేపు ఆగి, ఇక లేచే ఉంటుందిలే అనుకుని ముందుకెళ్ళిపోయేది. ఉందో లేదో చూసేది కాదు. తర్వాత తెలిసి సరిచేశా. ఆసుపత్రి వాళ్ళు కింద కూర్చున్నారటండీ. పెద్దాయనని పిలుచుకొస్తాను, మీ పరీక్ష అయిపోయినట్టేగా?"

అయిపోయినట్టే అన్నాను. ఆవిడ వెళ్ళింది.

కాని ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. సెన్సర్ పెట్టకుండానే కరెంటు. మా గదిలో ఎవరం ఎప్పుడూ చేయని పని అది. ముందు సెన్సరు, తర్వాతే కరెంటు అని మాకందరికీ చేయి పట్టుకుని నేర్పింది మా ఆయనే. గోడ మీద అట్ట కూడా ఆయనే రాసి అంటించాడు. నడుస్తుండగా లాగి చూస్తాను గానీ, అసలు పెట్టకుండా మొదలుపెట్టడం నా చేతికి రాదు. ఆసుపత్రిలో నర్సుకు ఈ అట్ట ఎవరు చూపిస్తారు? ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేత్తో స్విచ్చి. పెట్టె వేడెక్కుతూ ఉంటుంది, సెన్సరు తర్వాత అంటిద్దాంలే అనుకుంటుంది. నేనైనా అలాగే అనుకుంటాను.

వెన్నపూస బోర్డుకే ముందు చేశాను. నిజం చెబుతున్నాను, అది తప్పాలని మనసారా కోరుకున్నాను. సెన్సరు తీసి పక్కన పడేసి స్విచ్చి వేశాను. లైట్లు ఆడాయి, పసుపు ఆగింది, తర్వాత ఆరకుండా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బల్బు వెలగలేదు.

మా ఆయన బోర్డుకు చేశాను. లైట్లు ఆడాయి. పసుపు ఒక్కటీ కాచుకుని ఉంది. తర్వాత, ఏమీ జరగనట్టు, ఆరింది. ఆకుపచ్చది వెలిగింది, అంతా సవ్యం అని. బల్బు భగ్గున వెలిగింది.

సెన్సరు బల్ల మీద దూరంగా పడి ఉంది. బల్బు వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆ బల్బు ఉన్న చోట ఒక పసిగుడ్డు ఉందనుకోండి. నేను అనుకున్నాను.

అంటే ఆయన ఆవిడ పాత వరసను పాత తప్పుతో సహా తెచ్చుకున్నాడు. ఆ ఆగడం ఎందుకో తెలుసుకోకుండా తెచ్చుకుని, దానికి నన్ను అర్థంగా చెప్పాడు. లేకపోతే తెలిసే తెచ్చుకున్నాడు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చుకునేలోగా వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. పెద్దాయన చెప్పులు, మా ఆయన బూట్లు, మెత్తగా ఇంకో జత.

అప్పుడు నా చేయి ఏం చేసిందో చెబితే మీరు తిడతారు. స్విచ్చి ఆర్పాలి కదా? ఆర్పలేదు. బల్ల తుడిచే గుడ్డ తీసి బల్బు మీద కప్పేసింది. పరీక్ష చేసేదాని చేయి కాదది, పెళ్ళాం చేయి.

"ఏమ్మా, ఏది నిలబడింది?" అన్నాడు పెద్దాయన వస్తూనే. ఆయన వెనక మా ఆయన, ఇస్త్రీ చొక్కాలో పెళ్ళికొడుకులా ఉన్నాడు. నన్ను చూసి కన్ను గీటాడు కూడా. ఇంకా వెనక వెన్నపూస.

"చెప్తానండీ. దానికి ముందు మా ఆయన్ని ఒక్కటి అడగాలి." ఆయన వైపు తిరిగాను. "ఏవండీ, మీ బోర్డులో అన్నీ ఆరాక ఈ పసుపు లైటు ఎందుకు ఆలస్యంగా ఆరుతుంది?"

కన్ను గీటిన మొహం అలాగే ఉండిపోయింది. సెన్సరు కోసం అంటే, పెళ్ళికి ముందు నాకు చెప్పింది అబద్ధం. ఊరికే సరదాకి అంటే, తన బోర్డు ఎందుకు ఆగుతుందో తనకే తెలియదని పెద్దాయన ముందు ఒప్పుకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వింది నేను కాదు.

"ఇదేం ప్రశ్న? నీకు తెలుసుగా" అన్నాడు, నవ్వబోతూ.

"నాకు తెలుసు. పెద్దాయనకి చెప్పండి."

"చెప్పవయ్యా, అడుగుతోందిగా" అన్నాడు పెద్దాయన. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "ఏదో మాడుతున్న వాసన వస్తోందేంటి?"

గుడ్డ అంచు నల్లబడి, సన్నగా పొగ లేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదన్నది మా ఆడపడుచు. నేను గుడ్డ లాగేశాను. బల్బు ధగధగా వెలుగుతోంది. ఆకుపచ్చ లైటు అంతా సవ్యం అంటోంది. సెన్సరు వైరు చచ్చిన పురుగులా బల్ల మీద పడి ఉంది.

"సెన్సర్ పెట్టకుండా కరెంటు ఇచ్చానండీ. ఇదీ మా ఆయన బోర్డు" అన్నాను. గుడ్డ కప్పిన చేత్తోనే స్విచ్చి ఆర్పి, ఎర్ర చుట్ట నుంచి ఒక స్టిక్కరు చింపాను.

మా ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. బల్బును చూశాడు, సెన్సరును చూశాడు, నా వేలికి అంటుకున్న స్టిక్కరును చూశాడు. తర్వాత తల ఎత్తాడు. పట్టుబడ్డ మగవాడు ముందు ఎవరి వైపు చూస్తాడో గమనించాలని అమ్మ చెప్పేది. ఆయన నా వైపు చూడలేదు. వెన్నపూస వైపు చూశాడు.

ప్యూన్ని కూడా మీరు అనే ఆ మనిషి గొంతులో మెత్తదనం ఎక్కడికి పోయిందో తెలియదు.

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు? చెప్పేయ్" అంది మా ఆయనతో. "నువ్వు చెప్పకపోతే ఆమెకి నేను చెప్తాను."